బొట్టు పెట్టిన గుమ్మడికాయ

తిరుమల కొండకు ముఖం పెట్టి, కర్పూరం ఆర్పి చెప్పమన్నా చెప్తా కోడలుపిల్లా, ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఉంటే ఈ నోట్లో మిగిలిన పళ్ళు కూడా రేపటి రాగిసంగట్లో ఊడి పడనీ. సంగట్లో పన్ను ఊడేదేంది అని నవ్వబాక. ఆ చాట నీ ముందర పెట్టుకో. బియ్యం నువ్వు ఏరు, కథ నేను చెప్తా.

జరిగింది పాకాలలో, స్టేషన్ వెనక బెల్లం మండీల వీధిలో. ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలం. ఆ యేడు వాన అనేది పంచాంగంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎర్రచెరువు అడుగున మన్ను పెంకుల్లాగా లేచిపోయింది. వీధి కుళాయి తిప్పితే నీళ్ళకు బదులు తొండ బయటికొచ్చి, ఎందుకు పిలిచినారన్నట్టు తలెత్తి చూసేది.

ఆ వీధిలో బెల్లం మండీ ధనంజయ ఇంట్లో ఒక టీవీ ఉండేది. తాలూకా మొత్తానికి అదొక్కటే అని అతను చెప్పుకొనేవాడు. చెక్కపెట్టె, దానికి రెండు తలుపులు. గర్భగుడి తలుపులు తీసినట్టు తీసేవాడు. మిద్దె మీద యాంటెన్నా ఎంత ఎత్తంటే, దాని మీద వాలిన కాకికి పలమనేరు సంతలో ఆవుల కొమ్ములు కనపడేవి. ధనంజయ పొట్ట కూడా తక్కువదేం కాదు. అతను అరుగు మీద కూర్చుంటే వీధికి నీడ. అతని భార్య శకుంతలమ్మ మాత్రం చీపురుపుల్ల. గాలొస్తే స్తంభం పట్టుకొనేది. మంచి మనిషి. వీధిలో చిన్నా పెద్దా అంతా ఆమెను "అక్కా" అనే పిలిచేవాళ్ళు.

అదే వీధి చివర నాగరత్నమ్మ. పెళ్ళయి, మొగుడు పోయి, ఒంటరిగా ఉండే మనిషి. చేతుల నిండా పచ్చగాజులు. మొగుడు పోయినప్పుడు తీయమన్న వాళ్ళను ఈమె తిట్టిన తిట్లకు ముగ్గురు ఊరొదిలిపోయారు. ఆమె వస్తుంటే గాజుల చప్పుడు ముందు వచ్చేది, మనిషి వెనక వచ్చేది.

ఆమెకొక చెల్లెలుండేది. సుబ్బులు. పదహారేళ్ళ పిల్ల.

నాగరత్నమ్మ వయసులో ఉన్నప్పుడు మద్రాసు నుంచి సినిమా కంపెనీ వాళ్ళొచ్చి ఎర్రచెరువులో "గట్టు తెగింది" అని ఒక సినిమా తీశారు. చెరువు కట్ట తెగి ఒక ఊరు ఊరంతా కొట్టుకుపోయే కథ. పరిగెత్తే జనం కావాలంటే ఊళ్ళోవాళ్ళంతా ఎగబడి పోయారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పోయారు. నిజంగానే కాలవకు గండి కొట్టి నీళ్ళు వదిలారు. నీళ్ళు లెక్కకు మించి వచ్చాయి. సుబ్బులు కాలు జారింది. "అక్కా" అని అరిచింది. ఆ తర్వాత ఇంకా ఏదో అరిచింది. నాగరత్నమ్మ చెయ్యి చాపింది. వేళ్ళకు వేళ్ళు తగిలాయి. అంతే... నీళ్ళు ఈడ్చుకుపోయాయి. శవం కూడా దొరకలేదు. చెరువు ఎండినప్పుడు కూడా దొరకలేదు.

ఆ అరుపు మాత్రం సినిమాలో ఉండిపోయింది.

అందుకే ఆ సినిమా అంటే జిల్లా అంతా వణికింది. నీళ్ళొచ్చే ఘట్టంలో నిండు చూలాళ్ళు సినిమా డేరాలోనే కన్నారు. పుట్టిన పిల్లలు ఏడవకుండా ముందు కుర్చీ కిందికి దూరారు. అయితే భయపడాల్సింది నీళ్ళకు కాదని మొదట కనిపెట్టినవాడు టూరింగ్ టాకీసు పీరా సాహెబ్. పాకాలలో డేరా అతనిది. మొదటి ఆట రోజు తెర మీద "అక్కా" అనే అరుపు రాగానే, ఆడవాళ్ళ వైపు కూర్చున్న ఒకావిడ తన చెల్లెలే పిలిచిందనుకొని "ఓయ్" అని పలికింది. ఆట వదిలేసరికి ఆమె ఇసుకలో కూర్చున్నది కూర్చున్నట్టే చచ్చి ఉంది. నోరు తెరిచి చూస్తే లోపల నాలుక కనపడలేదు. బురద. చెరువు అడుగున ఉండే నల్లబురద, తుంగవేళ్ళతో సహా. చుట్టూ నేల ఎండి పొడిగా ఉంది. రెండో వారం ఇంకొకామె పలికింది. ఆమెకూ అదే గతి.

మూడో వారం నుంచి పీరా సాహెబ్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బూడిదగుమ్మడికాయకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన కర్పూరం వెలిగించి తెర ముందు నిలబడేవాడు. "అక్కా" అని అరుపు రావడం ఆలస్యం, కాయను మూడుసార్లు తిప్పి నేలకేసి ఠప్పున కొట్టేవాడు. ఎవరో ఒకరు పలకాలి కదా, ఆ పగిలిన చప్పుడే పలుకు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ కాలేదు.

నాగరత్నమ్మ ఒక్క ఆట వదలకుండా పోయి ముందు వరసలో కూర్చొనేది. చెల్లెలు "అక్కా" అన్న తర్వాత ఏమన్నదో వినాలని ఆమె ఆశ. ఆ రోజు నీళ్ళ హోరులో వినపడలేదు. డేరాలో వినపడబోయే సమయానికి ఠప్పున కాయ పగిలేది, జనం హో అని కేకలు పెట్టేవాళ్ళు. మాట మునిగిపోయేది. "చెయ్యి అందియ్యి అని ఉంటుంది, ఇంకేమంటుంది పిచ్చిపిల్ల" అని తనకు తనే చెప్పుకొనేది. కొన్నాళ్ళకు డేరా మూతబడింది. రీళ్ళు పాడైపోయాయి. ఆమెకు చెల్లెలిదంటూ మిగిలిన ఆ ఒక్క అరుపూ పోయింది.

అట్లాంటిది, ఆ ఎండాకాలంలో ధనంజయ వీధిలోకొచ్చి నాగరత్నమ్మ గుమ్మం ముందర చాటింపు వేశాడు.

"ఏమత్తా, ఆదివారం సందేళ మా ఇంటికి రా. మీ గట్టు తెగింది టీవీలో ఏస్తా ఉండారు!"

నాగరత్నమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. ఆదివారం తలకు పోసుకొని, కొత్త గాజులు వేసుకొని, బిందెంత బూడిదగుమ్మడికాయకు పసుపూ బొట్టూ పెట్టి, చంకన పెట్టుకొని వచ్చింది. పీరా సాహెబ్‌ను కూడా వెంటబెట్టుకొని వచ్చింది. అతనికి అప్పటికి కళ్ళు సగమే కనపడేవి. కాయను ఒళ్ళో పెట్టుకొని పసిపిల్లలాగా పట్టుకొని కూర్చున్నాడు.

"సినిమాకొచ్చినావా అత్తా, సీమంతానికొచ్చినావా?" అని ధనంజయ పొట్ట ఊగేదాకా నవ్వాడు.

"నవ్వుదువులే అబ్బయ్యా. ఆ అరుపు ఇన్న తర్వాత నీ పొట్ట వీపుకు అంటుకోకపోతే నన్నడుగు" అంది నాగరత్నమ్మ.

పీరా సాహెబ్ చెవి దగ్గరికి వంగి ఆమె రహస్యంగా అడిగింది. "పీరన్నా, ఒక్కసారి కొంచెం ఆలస్యంగా కొడతావా? అది ఏమంటుందో ఇంటాను. ఒక్కసారే."

"వద్దు రత్నమ్మా. ఆలస్యం చేసేది కాదిది."

టీవీ తలుపులు తెరిచారు. వీధి వీధంతా హాల్లోనే ఉంది. కిటికీలకు కూడా మనుషులు గబ్బిలాల్లా వేలాడుతున్నారు. పేర్లు పడ్డాయి. పేర్లలోనే నాగరత్నమ్మకు తెలిసిపోయింది. ఇది ఆ సినిమా కాదు. పేరు అదే, కథ అదే. టీవీ వాళ్ళు కొత్తగా తీశారు.

ఇంక ఆ ఘోరం ఏమని చెప్పేది? ఊరంటే నాలుగు అట్ట ఇళ్ళు. కట్ట అంటే రంగు వేసిన దుప్పటి, గాలికి ఊగుతుంది. ఊరు మునిగిపోతుంటే నాయిక ముఖాన పౌడరు చెదరలేదు. కొట్టుకుపోయే ఆవు చెక్కబొమ్మ, అది కొట్టుకుపోకుండా తొట్టి అంచుకు తగులుకొని నిలబడింది. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయా అని చూస్తే, మూలన చెంబు పట్టుకొని పోస్తున్న చెయ్యి కనపడింది. చేతికి గడియారం కూడా ఉంది!

హాలంతా పగలబడి నవ్వింది.

"ఒరే, మా కోళ్ళగంపలో ఇంతకన్నా జాస్తి వరదొస్తాదిరా!" అన్నాడు ధనంజయ. "ఆ చెంబు మన వీధికి తోలమను, రెండు బిందెలు పట్టుకుందాం!"

నాగరత్నమ్మ నవ్వలేదు. అరుపు కోసం కాచుకొని ఉంది. పీరా సాహెబ్ కర్పూరం బిళ్ళ కాయ మీద పెట్టి లేచి నిలబడ్డాడు. ఎవరో ఒక పిల్ల తొట్టిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "రక్షించండి, రక్షించండి" అని పుస్తకం చదివినట్టు చదివింది. ఆ తర్వాత పాట వచ్చింది.

అంతే. "అక్కా" లేదు.

నాగరత్నమ్మ లేచింది. కళ్ళలో నీళ్ళు, నోట్లో తిట్లు, రెండూ ఒకేసారి వచ్చాయి. "థూ! మీ తొట్టి ఎండిపోనూ! నా చెల్లెలు చచ్చింది ఈ చెంబు నీళ్ళలోనంట్రా?" అని టీవీ తలుపులు ఠపీమని మూసేసింది. ధనంజయ మీట కూడా నొక్కేశాడు. జనం నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు.

పీరా సాహెబ్ కాయ పట్టుకొని అట్లాగే నిలబడి ఉన్నాడు. "దీన్ని ఏం చేయాల?"

"ఏం జేస్తావు పీరన్నా, ఈ బొమ్మలాటకు అంత మంచి కాయ దండగ" అంది నాగరత్నమ్మ ముక్కు చీదుకుంటూ. "శకుంతలా, కూటు కూరకు తరుక్కో మే."

"బొట్టు పెట్టిన కాయమ్మా. ఇస్తామని చూపించి..."

"చూపించింది ఎవురికి సాహెబూ? ఆ గడియారం చెయ్యికా?" అన్నాడు ధనంజయ. "కూటు ఎక్కువైతే వడియాలు పెట్టుకుంటాం. తే!"

శకుంతలమ్మ కాయ తీసుకొని వంటింట్లోకి పోయింది.

ఇంతవరకు నేను కాస్త ఉప్పూ కారం చల్లి ఉంటానేమో కోడలుపిల్లా. ఇక్కడినుంచి ఒక్క మెతుకు కలపలేదు.

సందె చీకటి పడుతోంది. స్టేషన్లో ఇంజను ఒకటి ఆవిరి వదిలి ఊరుకుంది. హాల్లో ముగ్గురే ఉన్నారు. వంటింట్లో కత్తిపీట వాల్చిన చప్పుడైంది. కాయను కత్తికి ఆనించి రెండు చేతులా నొక్కితే వచ్చే చప్పుడు... కర్... కర్... కర్... మెల్లగా రెండుగా చీలింది. పగల్లేదు. చీలింది.

"అక్కా."

సన్నగా. వంటింట్లోంచే.

నాగరత్నమ్మ వంటింటి వైపు తిరిగింది. తెలిసిన గొంతు. నోరు దానంతటదే తెరుచుకుంది. పీరా సాహెబ్ ముందుకు దూకి ఆమె నోరు అరచేత్తో మూసేశాడు. ఆమె కొరికింది. అతను చెయ్యి తియ్యలేదు.

లోపల శకుంతలమ్మ మాత్రం, పొద్దుటి నుంచీ వీధంతా పిలిచే పిలుపే కదా అనుకొని, అలవాటుగా పలికింది.

"ఆ... వస్తా ఉండా."

అంతే. ఇంక ఏ చప్పుడూ లేదు.

ముందు వాసన వచ్చింది. పాచి వాసన. కుళ్ళిన తుంగ, చచ్చిన చేప, నానిన మన్ను. గుక్కెడు నీళ్ళకు మొహం వాచిన ఆ వీధిలో, వంటింటి గడప మీదుగా ఎర్రనీళ్ళు పారుకుంటూ హాల్లోకి వచ్చాయి. చల్లగా ఉన్నాయి. పాదాలు మునిగాయి. చీలమండలు మునిగాయి.

"ఏమే, బిందె దొర్లించినావా?" అన్నాడు ధనంజయ.  బిందెలో నీళ్ళు లేవని అతనికీ తెలుసు.

శకుంతలమ్మ బయటికి వచ్చింది. తడిసిన జుట్టు ముఖం మీద పడి ఉంది. నోట్లోంచి నల్లబురద ముద్దలు ముద్దలుగా జాకెట్టు మీదికి జారుతోంది. ఆమె నేరుగా మొగుడి దగ్గరికి వచ్చింది. అతని నుదుట బొటనవేలితో కుంకుమ అద్దింది. నడినెత్తిన కర్పూరం బిళ్ళ పెట్టింది. నీళ్ళోడుతున్న చేత్తో అగ్గిపుల్ల గీసింది. వెలిగింది.

"శకుంతలా... ఏమే... ఒసే..."

జుట్టు పట్టుకొని ఎత్తింది. చీపురుపుల్లలాంటి ఆ ఆడది, ఇద్దరు హమాలీలు కూడా లేపలేని ఆ మనిషిని ఒంటిచేత్తో ఎత్తింది. కాళ్ళు గాల్లో తన్నుకుంటున్నాయి. ఒకసారి తిప్పింది. అతని కాలు తగిలి గడియారం గోడ మీదినుంచి ఎగిరిపోయింది. రెండోసారి తిప్పింది. మెడ దగ్గర ఏదో పటుక్కుమంది. మూడోసారి తిప్పింది. తల కిందికి పెట్టి, రాతిగడపకేసి కొట్టింది.

ఠప్.

గోడలకు, టీవీ తలుపులకు, పీరా సాహెబ్ తెల్లచొక్కాకు... అంతటా చిందింది. వెచ్చగా చిందింది. కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది, దేని మీదో చూడలేకపోయారు.

శకుంతలమ్మ వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది.

పీరా సాహెబ్ వీధితలుపు దగ్గరికి పరిగెత్తాడు. గడియ తీశాడు. తలుపు రాలేదు. లోపలి నీళ్ళ బరువు దాన్ని అదిమి పట్టింది. చెక్కల సందుల్లోంచి చిమ్ముతోంది. మోకాళ్ళ దాకా వచ్చింది. తొడల దాకా వచ్చింది.

అప్పుడు గుమ్మడికాయ సగం చెక్క ఒకటి వంటింట్లోంచి తేలుకుంటూ వచ్చింది. మెల్లగా, దారి తెలిసినట్టు. నాగరత్నమ్మ ముందర ఆగింది. లోపల గుజ్జు లేదు. గింజలు లేవు. నల్లగా లోతు... బావి లోతు. ఆ లోతులోంచి అయిదు వేళ్ళు పైకి వచ్చాయి. పదహారేళ్ళ పిల్ల వేళ్ళు. నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఆమె వైపు చాచుకొని ఉన్నాయి.

"వద్దు రత్నమ్మా!" అని పీరా సాహెబ్ అరిచాడు.

ఆమె వినలేదు. ముప్పై ఏళ్ళుగా కలలో చాపిన చెయ్యి అది. "సుబ్బూ... ఈసారి ఇడ్సను నాయనా" అంది. చెయ్యి ఇచ్చింది.

పట్టుకుంది.

అది ఆడపిల్ల పట్టు కాదు. మనిషి పట్టే కాదు. ఎముకలు నలిగాయి. కొత్త గాజులు ఒక్కొక్కటే చిట్లి మాంసంలోకి దిగుతున్నాయి. మణికట్టు దాటి, మోచేతి దాకా లోపలికి లాగింది. ఆమె ముఖం నీళ్ళకు తగిలింది.

అప్పుడు వినపడింది. మూసిన టీవీ తలుపుల వెనక నుంచి. మీట నొక్కేసిన టీవీలోంచి. నీళ్ళ హోరు, జనం కేకలు, పాత సినిమాలో ఉన్నట్టే. ఆ హోరు మీద సుబ్బులు గొంతు, ఈసారి ఏదీ అడ్డం రాకుండా, చివరిదాకా.

"అక్కా! రాబాక! నిన్ను పట్టుకొనేది నేను గాదు!"

నాగరత్నమ్మ నీళ్ళలో ముఖం పెట్టి ఏడ్చింది. చెల్లెలు చెయ్యి అడగలేదు. ఆ రోజు కూడా అడగలేదు. తనను ఏది ఈడ్చుకుపోతోందో చూసి, అక్కను వెనక్కి పొమ్మని అరిచింది.

అయితే అప్పటికే పట్టు భుజం వైపు పాకుతోంది. పీరా సాహెబ్ వంటింట్లోకి ఎట్లా పోయాడో, ఎట్లా వచ్చాడో అతనికే తెలియదు. కత్తిపీట తెచ్చాడు. సగం చూపుతో తడుముకొని ఆమె చేతిని కత్తి మీదికి లాగాడు. "బిస్మిల్లా" అన్నాడు. తన బరువంతా వేసి నొక్కాడు.

కర్... కర్... కర్...

అదే చప్పుడు.

ఆమె కేక విని వీధంతా వచ్చి తలుపు తోస్తే తలుపు సులువుగా తెరుచుకుంది. లోపల ఒక్క చుక్క నీళ్ళు లేవు. నేల మీద దుమ్ము కూడా చెదరలేదు. నెత్తురు ఉంది, ధనంజయ ఉన్నాడు, ఉన్నంతవరకు. శకుంతలమ్మ వంటింట్లో పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే చచ్చి ఉంది. నోటినిండా బురద. చీర మీద ఒక్క నెత్తుటి చుక్క లేదు. ముట్టుకుంటే ఎప్పుడో చల్లబడిపోయింది. మరి హాల్లోకి వచ్చిందెవరు?

ఊళ్ళోవాళ్ళు దొంగలు పడ్డారన్నారు. అనుకోనీ. పీరా సాహెబ్ చిత్తూరులో కూతురింటికి పోయి, ఆ తర్వాత నోరు తెరవలేదు. ఆ రెండు గుమ్మడి చెక్కలు ఎంత వెతికినా దొరకలేదు. తెగిన చెయ్యి కూడా దొరకలేదు.

ఏంది, అట్లా చూస్తా ఉండావు? బియ్యం ఏరింది చాలుగానీ, పొద్దు గూకకముందే నాకొక పని చేసిపెట్టు. మార్కెట్లో బూడిదగుమ్మడికాయలు దిగినాయంట. ఒకటి తెచ్చియ్యి. నేనే పోయేదాన్ని, ఒంటి చేత్తో మోసుకోని రాలేను గదా.

దోవలో ఎవరన్నా వెనకనించి "అక్కా" అంటే పలకబాక. మీ తమ్ముడి గొంతే అయినా పలకబాక.

ఇంకో మాట. కనపడిన కాయ తెచ్చేది కాదు. ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకొని తట్టి చూడు. తట్టితే ఊరుకునే కాయలు మనకొద్దు. లోపలినించి గాజుల చప్పుడుతో తిరిగి తట్టేది ఒకటి ఉంటుంది... అది తీసుకోని రా. అది నాది.